తిరగని ఫ్యాన్ల చప్పుడు

నా మొగుడు చెవుల్లో వైర్లు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టిన వారానికి, ఎవతో ఒకతి ఉందని నేను తీర్మానించుకున్నాను.

పైకి అనలేదు. నేనంత తెలివితక్కువదాన్ని కాదు. ముందు చూడాలి, పట్టుకోవాలి, ఆ తర్వాత అనాలి. రొయ్యల ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర పదేళ్ళుగా నా పని అదే. అందరూ బాగుందని పంపేసిన రొయ్యను తిప్పి చూసి, తోక దగ్గర నల్లమచ్చ పట్టుకుంటాను. సూపర్‌వైజరు నన్ను మెచ్చుకునేది దానికే, మా అత్త రెబెక్కమ్మ నన్ను తిట్టేదీ దానికే.

టైటస్ స్నానానికి పోయినప్పుడు ఫోను తీసి చూశాను. మాట్లాడిన నంబర్లు మూడే. అతని యజమాని నరేంద్రబాబుది, మేత కొట్టుది, నాది. మరి రాత్రంతా ఏం విన్నట్టు? వెతికితే దొరికింది. ‘వాన శబ్దం, పది గంటలు.’ దాని కింద ఇంకోటి, ‘రేకుల మీద వాన.’ ఆడమనిషి ఫొటో దొరికినా నాకు అంత ఒళ్ళు మండేది కాదేమో. ఫోను చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను.

“ఏందయ్యా ఇది?”

“వాన,” అన్నాడు తల తుడుచుకుంటూ.

“అది కనపడతానే ఉండాది. మాఘమాసంలో నీకు వానెందుకు?”

“చెవిలో ఒకటే చప్పుడు కెజియా. ఎడమ చెవిలో. ఫ్యాన్లు తిరిగినట్టు గుస్సు గుస్సుమంటా ఉండాది. పడుకుంటే ఇంకా ఎక్కువవతాది. వాన పెట్టుకుంటే కొంచెం మరుగున పడతాది.”

మైపాడు దారికి కాస్త లోపల, నరేంద్రబాబు రొయ్యల గుంటలు రెండు టైటస్ చూసుకునేవాడు. నీళ్ళల్లోకి గాలి కలిపే యంత్రాలను మావాళ్ళు ఫ్యాన్లు అంటారు. అవి ఆగితే రొయ్యకు ఊపిరాడదు. అలాగని గుంటల మీద పనిచేసేవాడు వాటినే చూస్తూ కూర్చోడు. మేత తూస్తున్నా, అన్నం తింటున్నా చెవి అటు వేసి ఉంచుతాడు. చప్పుడు వస్తున్నంతసేపూ అంతా బాగున్నట్టే. సన్నబడితే ఒక ఫ్యాన్ ఆగినట్టు, పూర్తిగా పోతే కరెంటు పోయినట్టు. పదిహేనేళ్ళు ఆ చప్పుడు పక్కన బతికిన మనిషి చెవిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే నాకు నవ్వొచ్చింది. ఉద్యోగం చెవికెక్కిందిలే అన్నాను. అన్నానే గానీ నమ్మలేదు.

టైటస్ ఒకప్పుడు తాగేవాడు. పెళ్ళయిన కొత్తలో నా పుట్టింటివాళ్ళు పెట్టిన సైకిలు అమ్మి తాగాడు. పన్నెండేళ్ళ కింద బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ముట్టలేదు. ముట్టలేదని అతనంటాడు, అత్త అంటుంది, సంఘమంతా అంటుంది. నేను మాత్రం అతను పని నుంచి రాగానే ఏదో వంకతో దగ్గరికి పోయి వాసన చూసేదాన్ని. ఒక్కరోజు తప్పలేదు, పన్నెండేళ్ళూ.

మార్చిలో నెల్లూరు తీసుకుపోయాను. చెవుల డాక్టరు గులిమి తీసి, చుక్కల మందిచ్చాడు. తగ్గలేదు. మళ్ళీ పోతే తలకు స్కానింగు రాశాడు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, “ఏమీ లేదమ్మా, అంతా నార్మల్,” అన్నాడు. నిద్రమాత్రలు రాసిచ్చాడు.

బస్సులో పక్కన కూర్చుని ఊరు వచ్చేదాకా నేను వదల్లేదు.

“స్కానులో లేనిది నీ చెవిలోకి యాడినుంచి వచ్చిందయ్యా?”

“నాకేం తెలుసు కెజియా. నేనేమన్నా కావాలని వింటుండానా?”

“నన్ను విననీ మరి. ఏదీ?” అని అతని చెవికి నా చెవి ఆనించాను. వెనక సీటు ముసలామె పళ్ళు లేని నోటితో నవ్వింది. నాకేమీ వినపడలేదు. బస్సు ఇంజను రొదలో ఏం వినపడుతుందనే ఇంగితం కూడా లేకపోయింది నాకు. లేదని తేల్చేసుకున్నాను.

దిగేటప్పుడు అతను తూలాడు. పొద్దున లేస్తే తలనొప్పి అనేవాడు. ఉప్పు తెమ్మంటే అంగడి దాకా పోయి ఏం తేవాలో మరిచిపోయి వచ్చేవాడు. ఒక్కొక్కటీ నేను మనసులో జమ చేసుకుంటూ పోయాను. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయని నాకనిపించింది. ఒక్క వాసనే దొరకడం లేదు.

ఏప్రిల్ మూడో వారంలో, ఒక సాయంత్రం సముద్రం మీది నుంచి గాలి లేచింది. మర్నాడు తెల్లవారినా ఎండ రాలేదు, మబ్బు కమ్మి ఉంది. నాకు మధ్యాహ్నం షిఫ్టు. టైటస్‌కు దోసెలు కట్టుకుని ఏడున్నరకు గుంటల దగ్గరికి పోయాను.

గట్టెక్కగానే కొంగలు కనిపించాయి. పెద్ద గుంట మీద అరవయ్యో డెబ్బయ్యో వాలి ఉన్నాయి. గుంట మీద అన్ని కొంగలు వాలితే మంచిది కాదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫ్యాన్లన్నీ బిగుసుకుపోయి నిలబడి ఉన్నాయి. రొయ్యలు నీటి పైకి తేలి, గట్టు వారకు వచ్చి, మీసాలు పైకెత్తి కొట్టుకుంటున్నాయి.

షెడ్డు వైపు పరుగెత్తాను. టైటస్ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, మేతలో మందు కలుపుతూ, ఆదివారం పాడిన పాట కూనిరాగం తీస్తున్నాడు.

“ఏం చేస్తుండావయ్యా నువ్వు!”

“మేత కలుపుతుండా. టిఫిను తెచ్చినావా?”

“నీ టిఫిను తగలెయ్య! ఫ్యాన్లు ఆగిపోయినాయి!”

“ఆగలేదే. తిరుగుతుండాయి గదా,” అంటూ వెనక్కి తిరిగాడు. గుంట చూశాడు. నిలబడి ఉన్న ఫ్యాన్లను, వాటి మీది కొంగలను చూస్తూ కూడా ఒక క్షణం తల పక్కకు వంచి విన్నాడు. తర్వాత జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు.

కరెంటు పోయి అప్పటికే ముప్పావుగంట అయిందట. చిన్న గుంట నిలబడింది. పెద్ద గుంటలో సగానికి పైగా పోయాయి. ఎనభై రోజుల పంట అది. ఇంకో నెలలో వలలేసి పట్టుబడి చేయవలసింది.

నరేంద్రబాబు వచ్చేసరికి టైటస్ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, చచ్చినవాటిని చేతులతో ఎత్తి బుట్టలో వేస్తున్నాడు. నరేంద్రబాబు అరిచే మనిషి కాదు. గట్టు మీద కాసేపు నిలబడి, అతన్ని వదిలి నా దగ్గరికి వచ్చాడు.

“నిజం చెప్పమ్మా కెజియా. మళ్ళీ మొదలుపెట్టినాడా?”

వాసన రాలేదు. షెడ్డులో అతని పక్కనే నిలబడ్డాను. మేత వాసన తప్ప ఇంకేమీ లేదు. నేను చెప్పవలసిన మాట అది. నేను చెప్పింది ఇది.

“ఏమోనన్నా. ఈ మధ్య తూలతా ఉండాడు. నాకూ అనుమానంగానే ఉండాది.”

ఆ రోజే పనిలోంచి తీసేశాడు. వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఏ గుంట మీదా టైటస్‌కు పని లేకుండా పోయింది. తాగి ఫ్యాన్లు చూసుకోనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? “మీ ఇంటామే చెప్పినాక ఇంక దాపరికమెందుకు టైటస్,” అని నరేంద్రబాబు అతనితో అన్నాడట. అది నాకు అత్త చెప్పింది, మూడు రోజులు నాతో మాట్లాడకుండా ఉండి, నాలుగో రోజు. టైటస్ మాత్రం నన్ను ఒక్కమాట అడగలేదు. అడగకపోవడం మీద కూడా నాకు అనుమానమే. తప్పు లేనివాడైతే అడుగుతాడు కదా!

మే నెల మొదటి ఆదివారం వచ్చింది. మా సంఘంలో ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, నెలకొకసారి, ఆ రోజే. తాగేవాడికి అందులో పాలు లేదు. రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని సంఘపెద్ద హెబ్రోను వరసల మధ్య తిరుగుతాడు. ఆయన కొడుకుది కూడా నరేంద్రబాబు గుంటల మీదే పని. మగవాళ్ళ వైపు మూడో వరసలో టైటస్ చెయ్యి చాపితే, హెబ్రోను వంగి చెవిలో ఏదో చెప్పి, పళ్ళెం పక్కవాడికి అందించాడు. టైటస్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి.

ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే నా ఎదురుగా కూర్చున్నాడు.

“నేను తాగలేదు కెజియా.”

“మరి ఫ్యాన్లు ఎందుకు చూసుకోలేదు?”

“వినపడతా ఉన్నాయి.”

“ఆగిపోయినవి ఎట్టా వినపడతాయయ్యా?”

గెలిచినట్టు లేచి వంటింట్లోకి పోయాను.

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, దొడ్లో నీళ్ళు తోడుతూ పడిపోయాడు. కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే అత్త అరుపుకు వీధి వీధంతా వచ్చింది. నెల్లూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ తలలో రక్తనాళాల జబ్బులు చూసే డాక్టరు వారానికి మూడు రోజులు మద్రాసు నుంచి వస్తుంది. పేరు భానుప్రియ. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఇంత చిన్నపిల్లకు మెదడు గురించి ఏం తెలుస్తుందని నా మొదటి అనుమానం.

మా పాత స్కాను పక్కన పెట్టి, ఆమె టైటస్‌నే అడిగింది. “చెవిలో చప్పుడు ఎలా వస్తుంది? ఒకటే మోతా, కొట్టుకుంటున్నట్టా?”

టైటస్ లేచి కూర్చున్నాడు. ఎడమ చేతి నాడి మీద వేలు పెట్టుకున్నాడు. “ఇదిగో మేడమ్, దీంతో పాటే. ఇది ఒకటి కొడితే అది ఒకటి కొడతాది.”

ఆమె మెడలోని స్టెతస్కోపు తీసి, అతని ఎడమ చెవి వెనక, ఎముక మీద ఆనించింది. చాలాసేపు విన్నది. తర్వాత ఆ గొట్టాలు నా వైపు చాపింది.

“మీరు వినండి.”

“నేనెందుకు మేడమ్?”

“ఇంట్లో ఉండేది మీరే కదా. వినండి.”

పెట్టుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని బిళ్ళను కాస్త కిందికి జరిపింది. అప్పుడు వినపడింది. గుస్సు... గుస్సు... గుస్సు... గాలి ఎదురుగా ఉన్న రోజు షెడ్డులో కూర్చుంటే గుంట మీది నుంచి ఫ్యాన్ల చప్పుడు ఎలా వస్తుందో అలాగే, ఎక్కువా తక్కువా కాకుండా అలాగే. దోసెల డబ్బా పట్టుకుని నేను ఎన్ని పొద్దులు విన్నానో ఆ చప్పుడు. అది నా మొగుడి తలలోంచి వస్తోంది.

టైటస్ నా ముఖం చూస్తున్నాడు. “వినపడిందా?” అన్నాడు.

“ఊఁ,” అన్నాను. గొట్టాలు తీసి ఆమెకిచ్చేశాను.

జబ్బేమిటో డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. మెదడు మీద ఒక పొర ఉంటుందట. ఆ పొరలో మంచి రక్తం తెచ్చే నాళం, చెడు రక్తం తీసుకుపోయే నాళం నేరుగా ఒకదాన్నొకటి కలిసిపోయాయి. “సాగునీటి కాలవ మడిలోకి పోకుండా గట్టు తెగి మురుగుకాలవలో పడిందనుకోండి. మురుగుకాలవ ఆ ఒరవడిని తట్టుకోగలదా? అందుకే ఆ చప్పుడు. నీళ్ళు ఇప్పుడు వెనక్కి, మెదడు వైపు తన్నుతున్నట్టున్నాయి. అందుకే తూలడం, మరుపు, ఇప్పుడు ఫిట్స్. పగిలితే తలలో రక్తం పోతుంది.”

“మరి ఆ డాక్టరు ఏమీ లేదన్నాడే?”

“మామూలు స్కానులో ఒక్కోసారి ఇది దొరకదమ్మా. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం తల దాకా పంపి, రంగు ఎక్కించి చూడాలి. అదే అయితే, మళ్ళీ అదే దారిలో పోయి జిగురులాంటి మందుతో ఆ కలిసినచోటు మూసేస్తాం. తల కోయనక్కర లేదు.”

“తలలో జబ్బుకు తొడలో పొడవడమేంది మేడమ్?”

“దారి అక్కడి నుంచి ఉంది కాబట్టి.”

“కార్డు మీద చేస్తారా?”

“చేస్తాం. డబ్బు కట్టక్కర లేదు.”

డబ్బడిగితే దోచుకుంటున్నారని అనుకునేదాన్ని. అడగలేదు గనక, చేయి తిరగడానికి మావాణ్ణి వాడుకుంటున్నారని అనుకున్నాను. “ఆ జిగురు పక్కకు పోతే?” అని అడిగాను.

“పోవచ్చు. కొద్దిమందికి మాటో చెయ్యో పడిపోతుంది. ప్రాణానికి కూడా ప్రమాదం లేకపోలేదు. కానీ ఇలా వదిలేస్తే అంతకంటే ఎక్కువ ప్రమాదం. ఎన్నాళ్ళు ఆగుతుందో నేను చెప్పలేను.”

తప్పు జరగవచ్చని ఆమె నోటితో ఆమె చెప్పింది చూడండి, అక్కడ నేను కొంచెం మెత్తబడ్డాను. సోమవారం రంగు ఎక్కించి చూశారు. ఆమె గీసిన బొమ్మే తెర మీద కనిపించింది. బుధవారం మూసేస్తామన్నారు.

మంగళవారం పొద్దున సంతకాల కాగితం తెస్తే టైటస్ పెన్ను పట్టుకోలేదు.

“మేడమ్, ఇది మూసేసినాక ఈ చప్పుడు ఎవరికీ వినపడదు గదా?”

“వినపడదు. మనకు కావలసింది అదే కదా?”

“అయితే ఆగండి. ముందు ఒక మనిషి దీన్ని వినాల.” నా వైపు తిరిగాడు. “నరేంద్రబాబును పిలుచుకురా కెజియా. ఆ గొట్టం ఆయన చెవిలో పెట్టించు. ఫ్యాన్లు ఇట్టనే ఉంటాయా ఉండవా అని ఆయన్నే చెప్పమను. ఇది పోయినాక నేను తాగలేదని చెప్పుకోను నాకేం మిగలతాది?”

“నీకు పిచ్చా? పగిలితే పోతావంటుంటే!”

“పోతే తాగుబోతుగానే పోతాను గదా,” అన్నాడు. “మందూ వద్దు, మాకూ వద్దు. ఆయన రావాల.”

అత్త బతిమాలింది. డాక్టరమ్మ కోప్పడింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సంగతేమిటో ఆ గదిలో నాకూ, అతనికీ, అత్తకూ తెలుసు. ఆ పేరు అంటించింది నరేంద్రబాబు కాదు.

పదిన్నర బస్సుకు పోయాను. గుంటల దగ్గర చిన్న గుంట పట్టుబడి జరుగుతోంది. ఐసు లారీ, కాటా, వల లాగేవాళ్ళు, కొనే కంపెనీవాళ్ళు, మొత్తం పాతికమంది. హెబ్రోను కొడుకు కూడా ఉన్నాడు. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ‘అన్నా, ఆ రోజు నేను ఉన్నమాట చెప్పలేదు. వాసన రాలేదు. నీకు అబద్ధం చెప్పినాను.’ మూడే మాటలు.

నరేంద్రబాబు నన్ను చూసి తనే ఎదురొచ్చాడు. “రామ్మా కెజియా. టైటస్ ఎట్టుండాడు? మాన్పించినావా?”

వల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అందరూ నా వైపు చూశారు.

“ఆస్పత్రిలో ఉండాడన్నా.”

“అయ్యో. లివరా?”

నోరు తెరిచాను. మొగుడి మీద లేనిపోనిది చెప్పి కూడు పోగొట్టిన ఆడదాన్నని, ఆ పాతికమంది ముందు నా నోటితో నేను చెప్పాలి. నాకు తప్పు పట్టడం వచ్చు. ఒప్పుకోవడం రాదని అక్కడ తెలిసింది. “తలలో ఏదోనంట అన్నా,” అన్నాను. ఆస్పత్రికి రమ్మని అడగనూ లేదు.

“జాగ్రత్తమ్మా. మంచి పనివాడు, తాగుడే చెరిపింది,” అని, రెండు కేజీల రొయ్యలు కవర్లో కట్టించి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకున్నాను. బస్టాపులో ఉన్న ఎవరికో ఇచ్చేసి బస్సెక్కాను. ఆ తిరుగు ప్రయాణంలో ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు. ముఖం కడుక్కుని వార్డులోకి పోయాను.

టైటస్ తలుపు వైపే చూస్తున్నాడు. “ఏడీ?”

“పట్టుబడి జరగతా ఉండాది. లారీ వదిలి రాలేనన్నాడు,” అన్నాను. “అయినా చెప్పినానయ్యా. ఆ రోజు నేను చూడకుండా అన్నానని, నువ్వు తాగలేదని అందరి ముందూ చెప్పినాను. హెబ్రోను పెద్దయ్య కొడుకు ముందే. నీ మాట చాలమ్మా, నేనొచ్చి వినేదేముంది, పెద్దయ్యతో నేనే మాట్లాడతానని నరేంద్రబాబు అన్నాడు.”

“అందరి ముందా?”

“ఊఁ.”

“నువ్వా?”

“నేనే.”

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆయనకు ఫోన్ చెయ్యి, నేనొకమాట మాట్లాడతానని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. “ఆ కాగితం తెమ్మను,” అన్నాడు.

బుధవారం నాలుగు గంటలు పట్టింది. అత్త వరండాలో మోకాళ్ళ మీద ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి, లోపల చేస్తున్నది ఆ మేడమేనా, ఇంకెవరికన్నా అప్పగించిందా అని వచ్చేపోయే ప్రతివాళ్ళనూ అడిగాను. చివరికి ఆమే బయటికి వచ్చింది. టోపీ కింద జుట్టంతా చెమట. “పూర్తిగా మూసుకుపోయిందమ్మా,” అంది. ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగింది.

తెలివి వచ్చాక టైటస్ కాలు కదపకుండా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. మాట వచ్చింది, చేతులు కదిలాయి. “ఎంత నెమ్మదిగా ఉండాదో కెజియా,” అన్నాడు. నేను నర్సును బతిమాలి స్టెతస్కోపు తీసుకుని అతని చెవి వెనక పెట్టి చూశాను. ఏమీ లేదు.

“నమ్మలేదా?” అని నవ్వాడు.

జూన్ అంతా ఇంట్లోనే. తూలడం పోయింది, ఫిట్స్ మళ్ళీ రాలేదు. రోజూ పొద్దున, ఇవాళ పోయి నరేంద్రబాబుకు చెప్పి వస్తాననుకునేదాన్ని. సాయంత్రానికి రేపనుకునేదాన్ని. సంఘం వాళ్ళు ప్రార్థన చేయడానికి వస్తే, ఆ మాట రాకుండా పక్కనే కూర్చుని కాపలా కాశాను. తెలియకుండా జరిగిపోతుందేమోనని ఒక పిచ్చి ఆశ.

జూలై మొదటి ఆదివారం టైటస్ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. గుళ్ళో మూడో వరసలో, తన పాత చోటులో కూర్చున్నాడు. వాక్యం అయింది. హెబ్రోను పళ్ళెం పట్టుకుని బయలుదేరాడు. మూడో వరస దగ్గరికి రాగానే టైటస్ చెయ్యి చాపాడు.

“టైటస్, ఇంకా కొన్నాళ్ళు ఆగు నాయనా,” అన్నాడు హెబ్రోను మెల్లగా. మెల్లగానే అన్నా గుడంతా వినపడింది.

టైటస్ నొచ్చుకోలేదు. పొరపాటు జరిగిందన్నట్టు నవ్వాడు. “నరేంద్రబాబు మీతో చెప్పలేదా పెద్దయ్యా? మా కెజియా ఆయనకు అంతా చెప్పింది గదా. మీవాడు గూడా ఉన్నాడంట,” అని, ఆడవాళ్ళ వైపు తిరిగి నన్ను చూశాడు.

హెబ్రోను కొడుకు వెనక వరసలోంచి, “నా ముందా? ఏమీ చెప్పలేదే,” అన్నాడు.

టైటస్ ఇంకా నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఒక్క రవ్వ అనుమానం లేదు. అతన్ని కాదన్న ఆ కుర్రాడే ఏదో మరిచిపోయి ఉంటాడన్నట్టు, నేను లేచి సరిచేస్తానన్నట్టు చూస్తున్నాడు.

లేచాను. పక్కనున్న అత్త నా చీర కుచ్చెళ్ళు తొక్కుతోంది. ముసుగు జారిపోయింది.

“ఆయన తాగలేదు,” అన్నాను. “పెద్ద గుంట పోయిన రోజు ఆయన దగ్గర వాసన లేదు. నేను చూసినా. చూసి గూడా అనుమానమని చెప్పినా. ఆయన తలలో రక్తం చప్పుడు ఫ్యాన్ల మాదిరి మోగతా ఉండింది. నా చెవులతో విన్నా. విన్నాక గూడా ఎవరికీ చెప్పలేదు. నరేంద్రబాబుకు చెప్పినానని ఈయనకు అబద్ధం చెప్పినా.”

హెబ్రోను పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అప్పుడు నువ్వు చెప్పింది నమ్మి ఇతన్ని ఆపినాము తల్లీ. ఇప్పుడింకోటి చెప్తుండావు. దేన్ని నమ్మమంటావు?”

నా బతుకంతా నేను వేసిన ప్రశ్న అది. జవాబు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. “చప్పుడు లేదు పెద్దయ్యా, చూపించలేను. నా మాటే ఉండాది. నమ్మకపోతే నన్ను ఆపండి, ఆయన్ను కాదు.”

హెబ్రోను పళ్ళెం టైటస్ ముందుకు వంచాడు. టైటస్ వెంటనే తీసుకోలేదు. తల దించుకుని ఉన్నాడు. చివరికి ఒక ముక్క తీసుకున్నాడు. పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చినప్పుడు నేను ముట్టకుండా అత్తకు అందించాను.

ఇంటిదారిలో అత్త ముందు నడిచిపోయింది. మలుపు దగ్గర నేనే మొదలుపెట్టాను.

“సంతకం పెట్టవేమోనని చెప్పినాను,” అన్నాను.

“అర్థమైంది.”

“ఆ రోజు పోయినానయ్యా. నిజంగా పోయినా. నోరు రాలేదు.”

తలూపాడు. ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. “నాలుగు నెలలు నేను నిజం చెప్పినా, నువ్వు నమ్మలేదు,” అన్నాడు. గొంతు పెంచలేదు. “నువ్వు ఒక్క అబద్ధం చెప్పినావు, నేను నమ్మినా. నమ్మబట్టి బతికినా. దీన్ని ఏం చేసుకోవాలో నాకు తెలవడంలేదు కెజియా.”

నాకూ తెలియలేదు. ఎండ మాడుస్తోంది. అతను జేబులోంచి చేతిరుమాలు తీసి తల మీద వేసుకున్నాడు.

“నా మీద కోపంగా ఉండాదా?”

“లేదు,” అన్నాడు.

నిజమేనా అని తలెత్తి అతని ముఖం చూడబోయి ఆగాను. మళ్ళీ అడగలేదు.